సున్నను నిలబెట్టే వలగుడ్డ

స్క్రీన్ ప్రింటింగ్ అంటే, చట్రానికి బిగువుగా లాగి కట్టిన సన్నని వలగుడ్డలో అక్షరమో బొమ్మో ఉన్నంత మేర రంధ్రాలను తెరిచి ఉంచి, తక్కినవాటిని మూసివేసి, పైన పోసిన రంగును రబ్బరు అంచున్న పలకతో లాగినప్పుడు తెరిచిన చోట్ల నుంచి మాత్రమే అది కిందనున్న బట్టపైకో కాగితంపైకో దిగేట్టు చేసే ముద్రణ. ఫ్లెక్సీలు, డిజిటల్ ముద్రణ వ్యాపించక ముందు తెలుగు పట్టణాల్లో శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, గుడ్డసంచుల మీది దుకాణాల పేర్లు చాలావరకు ఈ పద్ధతిలోనే అచ్చయ్యేవి. ఆ పనులు చాలా తగ్గినా, టీషర్టుల విషయంలో దీని అవసరం తీరిపోలేదు. పలాస-కాశీబుగ్గ, టెక్కలి పట్టణాల పరిసరాల్లోనూ, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి మండలాల మీదుగా సాగే ఉద్దానం తీరగ్రామాల్లోనూ ఒక యువజన సంఘానికో, క్రికెట్ జట్టుకో, వినాయక చవితి కమిటీకో కావలసినవి వేల చొక్కాలు కావు. ముప్పయ్యో, యాభయ్యో, మహా అయితే వందో. పెద్ద కర్మాగారాలు పట్టించుకోని ఈ చిన్న సంఖ్య దగ్గరే ఇంటి వసారాలో వేసిన బల్లకు చోటు దొరుకుతుంది. స్క్రీన్ తయారీకి పట్టే శ్రమా ఖర్చూ ఒక చొక్కాకైనా వంద చొక్కాలకైనా ఒకటే కనుక, ఒక్కటే కావలసినవారికి ఇది దండగ. అటువంటివారికి ఫిల్ముపై ముద్రించి వేడితో అంటించే కొత్త పద్ధతే మేలు.

వలగుడ్డ ఎందుకు అవసరమో తెలుగు అక్షరంతో చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. ‘ఉద్దానం’ అన్న మాటను ఒక అట్టలో కోసి, ఆ కంతల గుండా రంగు అద్దితే చివరి సున్న గుండ్రని మచ్చగా మారుతుంది. ఎందుకంటే సున్న చుట్టూ కోయగానే, దేనికీ అంటుకొని ఉండని లోపలి ముక్క ఊడి పడిపోతుంది. ‘ర’, ‘ఠ’ వంటి అక్షరాల కడుపులకూ ఇదే గతి. జపాన్‌లో బట్టలపై అచ్చువేసే కళాకారులు ఈ చిక్కును గుర్తించి, కాగితపు అచ్చులో ఊడిపోయే ముక్కలను సన్నని పట్టుదారాలతో నిలబెట్టారు. ఇంగ్లండులోని మాంచెస్టర్‌కు చెందిన శామ్యూల్ సైమన్ 1907లో పట్టుతెర ముద్రణకు పేటెంటు పొందాడు. నేడు పట్టుకు బదులు పాలియెస్టర్, నైలాన్ వలగుడ్డలు వాడుతున్నా సూత్రం మారలేదు: పోగులు లోపలి ముక్కను పట్టుకొని ఉంటాయి, రంగు పోగుల మధ్య నుంచి దిగి అవతల కలిసిపోతుంది.

టీషర్టులకు సాధారణంగా సెంటీమీటరుకు 43 పోగులున్న వలగుడ్డ వాడతారు. అంటే ఒక పోగు నుంచి మరో పోగుకు దూరం సుమారు 0.23 మిల్లీమీటర్లు, కనీసం మూడు పోగుల వెడల్పు లేని గీత ఆ వలపై నిలవదనుకుంటే, 0.7 మిల్లీమీటర్ల కన్నా సన్నని గీతను నమ్మడానికి వీల్లేదు. ఇంగ్లీషు అక్షరాలకు పెద్దగా అడ్డురాని ఈ లెక్క తెలుగుకు చాలా ముఖ్యం. ‘ద’ను ‘ధ’గా, ‘ప’ను ‘ఫ’గా మార్చేది ఒక చిన్న గీత మాత్రమే; ‘టెక్కలి’లోని కవత్తు పై అక్షరానికి మరీ దగ్గరగా ఉంటే రంగు రెంటినీ కలిపేస్తుంది. డీటీపీ కేంద్రంలో కాగితం కోసం కూర్చిన అక్షరాలను అలాగే బట్టకు దించడం సరికాదు. ఒత్తును కాస్త కిందికి జరిపి, సన్నని గీతలను లావు చేసి, చొక్కాపై పడే పరిమాణంలోనే ఒకసారి అచ్చుతీసి చూసుకోవడం ఊరి పేరుకు ఇచ్చే కనీస గౌరవం.

రంధ్రాలను మూసే పదార్థం ఫోటో ఎమల్షన్, అంటే వెలుగు తగిలితే గట్టిపడే చిక్కని ద్రవం. దాన్ని పసుపు బల్బు వెలుతురులో వలగుడ్డకు రెండువైపులా పల్చగా పూసి, చీకటిలో ఆరబెట్టి, నల్లగా ముద్రించిన పారదర్శక ఫిల్మును దానిపై పెట్టి, పైన గాజుపలక ఉంచి ఎండకో ట్యూబులైట్ల పెట్టెకో చూపితే, నలుపు కాచిన చోట ఎమల్షన్ మెత్తగానే మిగిలి నీటితో కడగగానే పోతుంది. ఫిల్మును చొక్కాకు తగిలే వైపున తిరగేసి పెట్టాలి. రంగు లాగే వైపు నుంచి చూసినప్పుడు అక్షరాలు సరిగా చదవగలిగేలా ఉంటేనే అచ్చు సరిగా వస్తుంది. నడినెత్తి ఎండలో ఈ పని నిమిషాల్లోనే ముగుస్తుంది కనుక, విద్యుత్తు లేకపోయినా ఈ దశ ఆగదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చి, ఊళ్లను చీకట్లో ముంచిన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. కొత్తగా నాటిన కొబ్బరిమొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆలోగా ఇంటిపట్టున చేసుకోదగిన పనులు ఎన్ని ఉంటే అంత మంచిది.

సముద్రపు గాలి ఈ పనికి ఒకచోట అడ్డు, ఒకచోట తోడు. వానాకాలపు తేమలో ఎమల్షన్ ఆరదు, పూర్తిగా ఆరని పొర కడిగేటప్పుడు జారిపోతుంది. కాని అదే తేమ, నీటితో కలిపే రంగు వలగుడ్డలోనే ఎండిపోయి రంధ్రాలను పూడ్చకుండా కాపాడుతుంది. ఇళ్లలో పనిచేసేవారికి ఈ నీటిరంగులే తగినవి. ప్లాస్టిసాల్ అనే మరో రకం రంగు గాలికి ఆరదు, పొర మొత్తం సుమారు 160 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కితేనే గట్టిపడుతుంది కనుక, ఇస్త్రీపెట్టెతో ఆ వేడిని అంతటా సమానంగా ఇవ్వడం కష్టం. నీటిరంగును ఆరనిచ్చి, పైన పల్చని కాగితం పరచి, నూలుబట్టకు పెట్టే వేడిలో ఇస్త్రీ చేయాలి; తర్వాత ఒక చొక్కాను ఉతికి చూడకుండా తక్కినవాటిని ఎవరికీ అప్పగించకూడదు. ముదురు రంగు చొక్కాపై ముందు తెలుపు వేసి, దానిపై కావలసిన రంగు వేయాలి. ప్రతి రంగుకూ వేరే స్క్రీన్ కావాలి గనుక, మొదట్లో ఒకే రంగుతో సరిపెట్టుకోవడం వివేకం.

ఈ ప్రాంతంలో అన్నిటికన్నా జాగ్రత్తగా ఆలోచించవలసింది కడిగిన నీటి గురించి. దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఉద్దానంలో ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమైనా, వ్యాధికి కారణం ఇదేనని తిరుగులేకుండా తేలలేదు. అటువంటి నేలమీద బావికి, బోరుకు దగ్గరగా రసాయనాలను పారబోయడం ఏ పరిస్థితిలోనూ సమర్థనీయం కాదు. పాత తరహా ఎమల్షన్లలో వెలుగుకు స్పందించే గుణం కోసం కలిపే డైక్రోమేట్ లవణాల్లోని క్రోమియం చర్మానికీ, ఊపిరితిత్తులకూ, మూత్రపిండాలకూ హాని చేస్తుంది. డైక్రోమేట్ లేని డయాజో రకాలు, కలపకుండానే వాడే ఫోటోపాలిమర్ రకాలు దొరుకుతున్నప్పుడు, ధర కొంత ఎక్కువైనా వాటినే కొనాలి. పని ముగిశాక స్క్రీన్‌పై మిగిలిన రంగును గరిటెతో తీసి డబ్బాలో వేసుకొని, పాతగుడ్డతో తుడిచి, ఆ తర్వాతే తొట్టిలో నీరు పట్టి కడగాలి. ఆ నీటిని కాలువలోకి వదలకుండా తొట్టిలోనే ఎండనిచ్చి, అడుగున మిగిలిన పొరను ఎమల్షన్ ముక్కలతో పాటు మూతున్న డబ్బాలో విడిగా దాచి, పంచాయతీ చెత్త సేకరణలో ప్రమాదకర వ్యర్థంగా చెప్పి ఇవ్వాలి.