Car Tips: ఎండలో పాత కారు వేడెక్కుతోందా? రేడియేటర్ మూత తిప్పే ముందు ఇది చదవండి!

మారుతి 800 ఉత్పత్తి 2014 జనవరిలోనే ఆగిపోయింది. అయినా ఊళ్లలో, చిన్న పట్టణాల్లో ఆ కార్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పాత ఆల్టోల సంగతి చెప్పనక్కర్లేదు. ఈ చిన్న ఇంజిన్లు గట్టివే.. కానీ వాటికి పడనిది ఒకటుంది. అదే వేడి. ఏప్రిల్, మే వచ్చిందంటే హైవే పక్కన బానెట్ ఎత్తి పెట్టిన పాత కార్లు కనిపించడానికి కారణం ఇదే.

చాలామంది చేసే మొదటి తప్పు.. కారు ఆపగానే రేడియేటర్ మూత తిప్పేయడం. ఇది చాలా ప్రమాదం. లోపల నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి. అందుకే 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత వదులు కాగానే ఒత్తిడి పోయి, నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి. కనీసం అరగంట ఆగాలి. పై హోస్ పైపును చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే, మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి. వేడి ఇంజిన్ మీద చల్లటి నీళ్లు కుమ్మరించడం రెండో తప్పు. అల్యూమినియం హెడ్ వంగిపోయినా, పగులు వచ్చినా ఖర్చు మామూలుగా ఉండదు.

ముల్లు ఎప్పుడు పైకి వెళ్తోంది?

మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు ఈ ఒక్క విషయం గమనిస్తే సగం పని అయిపోయినట్టే. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి వెళ్లి, రోడ్డెక్కి స్పీడ్ అందుకోగానే కిందికి దిగుతుంటే.. అనుమానం రేడియేటర్ ఫ్యాన్ మీదే. కారు కదులుతుంటే గాలి దానంతట అదే తగులుతుంది, ఆగితే ఫ్యానే దిక్కు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి వేడెక్కనివ్వండి. కాసేపటికి ఫ్యాన్ దానంతట అదే తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజ్ చూడండి. తర్వాతే రిలే, సెన్సర్ స్విచ్, మోటార్. ఫ్యూజ్ పోయిందని తెలియక కొత్త మోటార్ కొన్నవాళ్లూ ఉంటారు.

అదే హైవే మీద 80లో వెళ్తుంటే వేడెక్కుతోందా? అప్పుడు కూలెంట్ తగ్గి ఉండాలి, లేదా రేడియేటర్ లోపల మూసుకుపోయి ఉండాలి, లేదంటే వాటర్ పంప్, థర్మోస్టాట్‌లలో ఏదో పాడై ఉండాలి.

రేడియేటర్ మూసుకుపోవడానికి మన దగ్గర పెద్ద కారణం బోరు నీళ్లు. కూలెంట్ తగ్గిన ప్రతిసారీ బాటిల్‌తో బోరు నీళ్లు పోస్తే, గిన్నె అడుగున కట్టినట్టే తెల్లటి సున్నపు పొర సన్నటి గొట్టాల్లో పేరుకుపోతుంది. రోడ్డు మీద ఇబ్బంది వచ్చినప్పుడు ఏ నీళ్లైనా పోయక తప్పదు. కానీ ఇంటికి వచ్చాక అవి తీసేయించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి నింపించాలి. రెడీమిక్స్ అయితే నీళ్లు కలపకూడదు, డబ్బా మీద రాసి ఉంటుంది.

ఇంకో అలవాటు.. కారు వేడెక్కుతోందంటే కొందరు మెకానిక్‌లు థర్మోస్టాట్ పీకేసి పంపిస్తారు. ముల్లు కిందికి దిగుతుంది, ఓనర్ సంతోషిస్తాడు. కానీ ఇంజిన్ సరైన వేడికి రాక పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. అసలు జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. థర్మోస్టాట్ పెద్ద ఖరీదైన వస్తువేం కాదు, కొత్తది వేయించుకోవడమే నయం.

ఈ గుర్తులు కనిపిస్తే కారు తీయొద్దు

ఆయిల్ పోసే మూత తీస్తే లోపల పాల కాఫీ రంగు జిగురు కనిపించడం, ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకపోవడం, రిజర్వ్ ట్యాంక్‌లో బుడగలు రావడం.. ఇవన్నీ హెడ్ గ్యాస్కెట్ పోయిందనడానికి గుర్తులు. ఇంకో పది కిలోమీటర్లు లాగిద్దాం అనుకుంటే ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. ముందు సీటు కింద మ్యాట్ తడిసి, కారులో తియ్యటి వాసన వస్తుంటే మాత్రం హీటర్ కోర్ లీక్ అవుతుందేమో చూపించుకోవాలి.

దారిలో ముల్లు పైకి పాకుతోంది, ఆపడానికి చోటు లేదు.. అప్పుడేం చేయాలి? ఏసీ ఆపేసి, అద్దాలు దించి, హీటర్ ఫుల్‌గా పెట్టండి. మండుటెండలో హీటర్ ఏంటి అనిపిస్తుంది కానీ, ఇంజిన్ వేడిలో కొంత క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది. పక్కకు చేరేదాకా ఇది పనికొస్తుంది. ముల్లు ఎర్ర గీత తాకితే మాత్రం ఇంజిన్ ఆపేయాల్సిందే.

కూలింగ్ సంగతి చూస్తున్నప్పుడే పెట్రోల్ పైపులు కూడా చూపించుకోవడం మంచిది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాత కార్ల రబ్బరు పైపులు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పైపు గట్టిపడి పగుళ్లు కనిపించినా, బానెట్ ఎత్తగానే పెట్రోల్ వాసన కొట్టినా వెంటనే మార్పించాలి. వేడెక్కిన ఇంజిన్ పక్కనే పెట్రోల్ కారడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

ఇంట్లో చేసుకోగలిగిన పని ఒక్కటే.. వారానికోసారి పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రిజర్వ్ ట్యాంక్‌లో లెవల్ చూడటం. రెండు గీతల మధ్య ఉంటే చాలు. ప్రతి వారం తగ్గుతోందంటే నింపుకుంటూ పోవడం కాదు, ఎక్కడ కారుతోందో వెతికించాలి.