ఉప్పుకల్లులోని పరమాణు బంధము

వంటింటి జాడీలోని ఉప్పు రెండు మూలకముల కలయిక యని విద్యార్థులు చదివియే యుందురు. అందొకటి సోడియము, కత్తితో కోయదగినంత మెత్తని లోహము. నీట పడినంతనే బుసబుసలాడి, ఒక్కొక్కప్పుడు భగ్గుమనును. అందుచే దానిని కిరసనాయిలులో ముంచి దాచుదురు. రెండవది క్లోరిన్, ఆకుపచ్చ కలిసిన పసుపు వన్నె గల విషవాయువు. 1915 ఏప్రిల్‌లో బెల్జియములోని ఈప్ర్ యుద్ధరంగమున సైనికులపై వదలినది ఈ వాయువునే. ఇట్టి రెండును కలిసి మన పప్పులోనికి ఎట్లు పనికివచ్చినవి?

పరమాణువు నడుమ కేంద్రకము కలదు. అందు ధనావేశము గల ప్రోటాన్లు, ఆవేశము లేని న్యూట్రాన్లు ఉండును. చుట్టును, ప్రోటాన్లెన్నియో అన్ని ఎలక్ట్రాన్లు ఋణావేశముతో పొరలు పొరలుగా నుండును. గ్రహములవలె తిరుగునట్లు పటములలో చూపుట బోధనా సౌకర్యమునకే. ఎలక్ట్రాను ఫలానా చోట నున్నదని వ్రేలుపెట్టి చూపుటకు వీలులేదు. సోడియమునకు 11 ఎలక్ట్రాన్లు: 2, 8, 1. క్లోరిన్‌కు 17: 2, 8, 7. వెలిపొరలో ఎనిమిది గల నియాన్, ఆర్గాన్‌ల వంటి వాయువులు దేనితోను సులభముగా కలియవు. సోడియము ఒకటి విడిచినచో నియాన్ అమరికయు, క్లోరిన్ ఒకటి గైకొన్నచో ఆర్గాన్ అమరికయు సిద్ధించును. అప్పుడు మొదటిది ధన అయాను, రెండవది ఋణ అయాను అగును. కేంద్రకములు చెక్కుచెదరవు; చేయి మారినది ఒక్క ఎలక్ట్రాను మాత్రమే. ఈ విధమగు బంధమును 1916లో కోసెల్ వివరించెను.

సోడియము తన ఎలక్ట్రానును ప్రీతితో దానము చేయునని పిల్లలకు చెప్పుట కద్దు. ఈ మాట మాకు రుచింపదు. దానిని ఊడదీయుటకు శక్తి వ్యయము కావలెను. క్లోరిన్ గైకొన్నప్పుడు వెలువడు శక్తి ఆ వ్యయమునకు చాలదు. లోటు తీర్చునది అయాన్ల పరస్పరాకర్షణ. ఉప్పుకల్లులో ప్రతి సోడియము అయాను చుట్టును ఆరు క్లోరిన్ అయాన్లు, ప్రతి క్లోరిన్ అయాను చుట్టును ఆరు సోడియము అయాన్లు ఉండును. ఇది జంటల గుంపు కాదు, ఒక్కటే పెద్ద అల్లిక. రోటిలో దంచినప్పుడు ఒక వరుస జరిగి సజాతి ఆవేశములు ఎదురెదురుగా వచ్చును. అవి వికర్షించుకొనుటచే కల్లు పగులును.

పంచదార బంధము వేరు. అందలి పరమాణువులు ఎలక్ట్రాన్లను ఇచ్చిపుచ్చుకొనక, జంటలుగా ఉమ్మడి చేసికొనును. ఈ పద్ధతిని లూయిస్ 1916లోనే తెలిపెను. గరిటెలో పంచదారను కాచినచో కరగి ఎర్రబారును. ఉప్పు అదే మంటపై పటపటలాడునే గాని కరగదు. దానికి 801 సెంటీగ్రేడు డిగ్రీలు కావలెను.

రెండు గ్లాసుల నీటిలో ఉప్పును, పంచదారను వేర్వేరుగా కరగించి, మూడు టార్చి సెల్లులను వరుసగా కలిపి, వాని తీగల కొనలను ఒకదాని తరువాత ఒకదానిలో ముంచి చూడుడు. ఉప్పునీటిలో తీగ కొనను బుడగలు లేచును. విడివడిన అయాన్లు విద్యుత్తును మోయుటయే కారణము. పంచదార నీటిలో ఇంచుమించు ఏమియు కానరాదు. గోడలోని కరెంటు జోలికి మాత్రము పోరాదు.