అది బస్ కాదు మిస్... ‘బుస్’!

ముప్ఫై మంది నాలుగేళ్ల పిల్లలు ఒక్కసారిగా మిమ్మల్ని చూసి పగలబడి నవ్వితే ఎలా ఉంటుందో తెలుసా? నాకు తెలుసు. వారానికి కనీసం నాలుగుసార్లు నవ్వేవాళ్లు మరి!

మొదటిసారి జరిగింది స్కూల్లో అడుగుపెట్టిన మూడో రోజు. రంగుల టేబుల్ దగ్గర ఓ పాప బ్రష్ విదిలించింది. నీలం రంగు వచ్చి సరిగ్గా నా మోకాలి మీద పడింది. ‘అయ్యో... మై ప్యాంట్స్!’ అన్నా. టేబుల్ చుట్టూ ఉన్న ఆరుగురూ బ్రష్‌లు ఆపేసి నా వైపు చూశారు. ఓ బుడ్డోడైతే తల వంచి, అటూ ఇటూ పరీక్షగా చూసి, ‘మిస్, మీ ప్యాంట్స్ మాకు కనబడట్లేదే!’ అన్నాడు. అంతే! కిందపడి దొర్లుతూ ఒకటే నవ్వు. క్లాసులో ఉండే అసిస్టెంట్ నవ్వాపుకుంటూ నా చెవిలో చెప్పింది. ఇంగ్లండ్‌లో ప్యాంట్స్ అంటే లోదుస్తులట. మనం తొడుక్కునేవి ‘ట్రౌజర్స్’ అట!

ఆ రోజు ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడి ‘ట్రౌజర్స్, ట్రౌజర్స్’ అని యాభైసార్లు అనుకున్నా. ఇంగ్లిష్ వాళ్ల పిల్లలకు ఇంగ్లిష్ అక్షరాలు నేర్పడానికి వెళ్లిన టీచరమ్మను కదా నేను!

పన్నెండో తరగతి కాదు... పలక బలపం!

మాది చీరాల దగ్గర పల్లెటూరు. డిగ్రీ అయ్యాక టీచర్ అవ్వాలని పట్టుబట్టి, లోన్ తీసుకుని మరీ ఇంగ్లండ్ వెళ్లా. చేసిన కోర్సు పేరు పీజీసీఈ. ఏడాది కోర్సే. కానీ అందులో యూనివర్సిటీలో కూర్చునేది తక్కువ, స్కూల్లో నిలబడేది ఎక్కువ. కనీసం 120 రోజులు పిల్లల మధ్యే ఉండాలి. అదీ ఒక్క స్కూల్లో కాదు, రెండు స్కూళ్లలో. అక్కడి టీచర్ల దగ్గర నేర్చుకుంటూ, వాళ్లు చూస్తుండగా మనం పాఠం చెప్పాలి. పాసైతేనే టీచర్ హోదా.

నాకు మొదటి స్కూల్ లీడ్స్‌లో పడింది. క్లాస్ ‘రిసెప్షన్’. పేరు చూసి ఆఫీసులో ఫోన్లెత్తే ఉద్యోగం అనుకునేరు! నాలుగేళ్లు నిండిన పిల్లలు బడిలో చేరే మొదటి తరగతి పేరే అది. ఒకటో తరగతి కంటే ముందుది. అక్కడ చిన్న పిల్లల క్లాసులో మామూలుగా 30 మందికి మించి ఉండకూడదని చట్టమే ఉంది. మా క్లాసులో సరిగ్గా ముప్ఫై మంది ఉన్నారు.

వెళ్లిన రోజే ఇంటర్వ్యూ చేశారు. ‘మిస్, మీకు ఎన్నేళ్లు?’ అంది ఓ పాప. ‘నువ్వే చెప్పు’ అన్నా. ‘ఐదా?’ అంది. కాదన్నా. కాస్త ఆలోచించి, ‘అయితే వందా?’ అంది. మధ్యలో ఇంకే అంకెలూ లేవు పాపం. నాకప్పుడు 24.

ఇంకోడు ‘బయట ఆడుకోనా?’ అని అడిగితే, మన అలవాటు కదా, తల అటూ ఇటూ ఊపా. వాడు చాలాసేపు నా తలనే చూసి, ‘మిస్, అది అవునా? కాదా?’ అన్నాడు. అవునని నిలువుగా ఊపి చూపించా. మర్నాడు పొద్దున హాజరు పిలుస్తుంటే సగం మంది ‘యెస్ మిస్’ మానేసి తలలు అడ్డంగా ఊపారు. మా మెంటార్ నా వైపు ఓ చూపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశా!

‘టీ’లో చేప ముక్కలా?

సోమవారం పొద్దున అందర్నీ కార్పెట్ మీద కూర్చోబెట్టి సెలవు కబుర్లు చెప్పించాలి. ఓ బాబు లేచి, ‘నిన్న నా టీలోకి ఫిష్ ఫింగర్స్, బీన్స్ తిన్నా’ అన్నాడు. నాకు కళ్ల ముందు మా నాయనమ్మ చాయ్‌లో రస్కు ముంచుకునే సీన్ వచ్చింది. ‘ఛీ, టీలో ముంచుకుని తిన్నావా?’ అన్నా. క్లాసంతా నిశ్శబ్దం. టీచరుకి ఏదో అయ్యిందన్నట్టు చూశారు.

తర్వాత తెలిసింది. ఉత్తర ఇంగ్లండ్‌లో చాలా ఇళ్లలో ‘టీ’ అంటే సాయంత్రం భోజనం. మరి ‘డిన్నర్’? అది మధ్యాహ్నం తినేది! బడిలో అన్నం పెట్టే ఆమెను ‘డిన్నర్ లేడీ’ అనేది అందుకే. అక్కడా మన మధ్యాహ్న భోజనం లాంటిది ఉంది. 2014 సెప్టెంబరు నుంచి చిన్న తరగతుల పిల్లలందరికీ ప్రభుత్వమే ఉచితంగా పెడుతోంది. మొదటి రోజు ‘డిన్నర్‌కి రండి మిస్’ అని పిల్లలు పిలిస్తే, రాత్రి దాకా ఉండాలేమోనని నేను కంగారుపడటం ఇంకో కథ.

బడి వెనక ‘మడ్ కిచెన్’ ఉండేది. బురద, పాత గిన్నెలు, గరిటెలు. వంటలక్కలకు లోటే లేదు. ఓ పాప రోజూ నాకో గిన్నెడు బురద తెచ్చి, ‘మీ కోసం కర్రీ చేశా మిస్. కారం తక్కువేశా, మీరు తినగలరు’ అనేది. గుంటూరు మిరపకాయ మీద పెరిగిన దాన్ని... కారం తట్టుకోలేనని అనుకుంది! చేసేదేముంది, ఊదుకుంటూ తిన్నట్టు నటించేదాన్ని.

పిల్లి కాదు... కుయాటు!

ఇక అసలు పరీక్ష ఫోనిక్స్. అక్కడ పిల్లలకు ‘ఏ, బీ, సీ, డీ’ అని అక్షరాల పేర్లు ముందు నేర్పరు. ఆ అక్షరం చేసే శబ్దం నేర్పుతారు. చాలా బడుల్లో ముందు వచ్చేవి ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్. ఈ ఆరు శబ్దాలు వస్తే చాలు, సిట్, పిన్, ట్యాప్ అని బోలెడు మాటలు చదివేయొచ్చు. మన తెలుగులో ఈ గొడవ లేదు. ‘మ’ పేరూ ‘మ’నే, శబ్దమూ ‘మ’నే. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలు, దాదాపు 44 శబ్దాలు. అందుకే ఈ తిప్పలు.

నేను ధీమాగా ‘క్యాట్’తో మొదలుపెట్టా. మూడు శబ్దాలూ విడివిడిగా చెప్పా: ‘కు... యా... టు’. ‘ఇప్పుడు కలిపి చెప్పండి’ అన్నా. ముప్ఫై గొంతులు ఒక్కసారిగా ‘కుయాటు!’ అన్నాయి. ఓ పాప చెయ్యెత్తి, ‘కుయాటు అంటే ఏం జంతువు మిస్?’ అంది.

తప్పు పిల్లలది కాదు, నాదీ కాదు... తెలుగుది! మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కదా. బస్సు, కారు, రోడ్డు, టికెట్టు... ఇంగ్లిష్ మాట వచ్చినా చివర ఓ ‘ఉ’ తగిలించి గానీ ఇంట్లోకి రానివ్వం. ఫోనిక్స్‌లో ఆ ‘ఉ’ ఉండకూడదు. ‘ట్’ అని నాలుకతో కొట్టి వదిలేయాలి. బస్‌స్టాప్‌లో నిలబడి ‘ట్, ట్, ట్... ప్, ప్, ప్’ అని నేను ప్రాక్టీస్ చేస్తుంటే పక్కనున్న పెద్దాయన రెండడుగులు దూరం జరిగాడు.

నవ్వుకుంటున్నారు కదా? ఇప్పుడైతే నేనూ నవ్వుతున్నా. అప్పుడు మాత్రం రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. దానికో పాత కారణం ఉంది.

నేను ఆరో తరగతిలో ఉండగా ఇంగ్లిష్ పాఠం పైకి చదవమన్నారు. ‘బీ, యూ, ఎస్’ కనబడింది. ‘పుట్’ లాగే ఇదీ అనుకుని ‘బుస్’ అని చదివా. మా సారు పడీపడీ నవ్వి, మళ్లీ అనిపించి, బెంచీ ఎక్కించారు. ఆ ఏడాదంతా నా పేరు ‘బుస్’. పాము బుసకొట్టినట్టు ‘బుస్స్‌స్’ అంటూ వెనక నడిచేవాళ్లు. ఆ తర్వాత ఇంటర్ అయ్యేదాకా ఇంగ్లిష్ క్లాసులో నేను నోరు తెరిస్తే ఒట్టు.

నోరు విప్పని బాబు

అక్టోబరులో వారం సెలవులయ్యాక ఓ కొత్త బాబు చేరాడు. పోలండ్ నుంచి వచ్చిన కుటుంబం. ఒక్క ఇంగ్లిష్ ముక్క రాదు. వచ్చిన దగ్గర్నుంచీ బొమ్మ కార్లు, లారీలు వరసగా పేర్చుకుంటూ కూర్చునేవాడు. ఏడవడు, నవ్వడు, మాట్లాడడు. మా మెంటార్ మాత్రం కంగారుపడలేదు. ఇంగ్లండ్ బడుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరి ఇంటి భాష ఇంగ్లిష్ కాదు. కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు ఇలా వారాలు, ఒక్కోసారి నెలలు మౌనంగా ఉంటారట. వింటుంటారు, లోపల దాచుకుంటుంటారు. ‘మాట్లాడమని బలవంతం చేయకు. పక్కన కూర్చో చాలు’ అంది.

కూర్చున్నా. ఓ రోజు నెట్‌లో చూసి పోలిష్‌లో ‘హలో’ నేర్చుకుని వెళ్లా. వాళ్లు ‘చెష్చ్’ అంటారు. నా నోట్లోంచి ‘చేస్తి’ అని వచ్చింది. వాడు నన్ను చాలా జాలిగా చూసి, ఓ లారీ నా చేతిలో పెట్టాడు. అదే మా మొదటి సంభాషణ.

నాలుగు వారాలు గడిచాయి. వాడు పలకలేదు. వాణ్ని చూస్తుంటే నాకు మా ఆరో తరగతి బెంచీ గుర్తొచ్చేది.

ఆ రోజు ఏం జరిగిందంటే...

నవంబరు చివర్లో యూనివర్సిటీ నుంచి ట్యూటర్ వచ్చింది, నా పాఠం చూడటానికి. నాలుగేళ్ల పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని, నోట్‌బుక్ తెరిచింది. నా చేతులు చల్లబడ్డాయి.

పాఠం ‘యూ’ అక్షరం శబ్దం. సంచిలోంచి బొమ్మలు తీస్తూ పేర్లు చెప్పాలి. ముందు ఎర్ర బస్సు బయటికొచ్చింది. జాగ్రత్తగా, చివర ‘ఉ’ లేకుండా, ‘బస్’ అన్నా. హమ్మయ్య అనుకునేలోపే ముందు వరసలో పాప, ‘కాదు మిస్. అది బస్ కాదు... బుస్!’ అంది. పక్కవాడు ‘అవును, బుస్!’ అన్నాడు. క్లాసంతా ‘బుస్! బుస్!’

నాకు ఒళ్లు జలదరించింది. ఎక్కడి చీరాల, ఎక్కడి లీడ్స్! ఏ మాటకైతే నేను బెంచీ ఎక్కానో, అదే మాట ముప్ఫై మంది ఇంగ్లిష్ పిల్లలు అంటున్నారు. లీడ్స్ యాస అంతే. ఉత్తర ఇంగ్లండ్‌లో బస్‌ని బుస్ అంటారు, కప్‌ని కుప్ అంటారు, అంబ్రెల్లాని ఉంబ్రెల్లా అంటారు. అన్ని రోజులుగా వింటున్నా, బుర్రకెక్కింది మాత్రం ఆ క్షణంలోనే.

నవ్వొచ్చేసింది. ప్లాన్ కాగితం పక్కన పెట్టి, ‘సరే, మీరే టీచర్లు. నాకు నేర్పించండి’ అన్నా. పిల్లలకు పండగే! నేను తప్పు పలికితే దిద్దుతున్నారు. నేను మళ్లీ పలుకుతున్నా. ఆ గోలలో కార్పెట్ చివర్నుంచి ఓ చిన్న గొంతు వినిపించింది.

‘అవ్‌తోబుస్.’

అందరూ వెనక్కి తిరిగారు. మా పోలిష్ బాబు! ఎర్ర బస్సు వైపు వేలు చూపిస్తున్నాడు. వాళ్ల భాషలో బస్సుని అలాగే అంటారు. ‘మిస్, వాడు మాట్లాడాడు!’ అని ఓ పాప కేకేసింది. నేను గొంతు సర్దుకుని, ‘ఆటోబస్’ అన్నా. వాడు తల అడ్డంగా ఊపాడు. నాలా కాదు, స్పష్టంగా ‘కాదు’ అన్నట్టు. ‘బుస్’ అని నొక్కి చెప్పాడు. వాడు ఆ బడిలో పలికిన మొదటి మాట బస్సు గురించి, రెండో మాట టీచరు తప్పు దిద్దడానికి!

‘అవ్‌తోబుస్’ అన్నా. ఈసారి ఒప్పుకున్నాడు. క్లాసంతా ‘అవ్‌తోబుస్’ అని అరిచింది. వాడు నవ్వాడు. పై పన్ను ఒకటి లేదని అప్పుడే తెలిసింది నాకు. అన్ని వారాల్లో నోరు తెరిస్తే కదా!

పాఠం సగంలోనే గంట కొట్టారు. ట్యూటర్ పిలిచింది. ‘ఇదంతా నీ ప్లాన్‌లో ఉందా?’ అంది. లేదన్నా. ‘బాగుంది. కానీ నీ ‘ట్’ ఇంకా ‘టు’లాగే ఉంది, చూసుకో’ అని రాసుకుంది. వెళ్తూ వెళ్తూ, ‘నాది దక్షిణ ఇంగ్లండ్. నేనూ బస్ అనే అంటా. ఇక్కడి పిల్లలు నన్నూ వదల్లేదు’ అని నవ్వింది.

ఆ సాయంత్రం నాలుక్కే చీకటి పడింది. చలిలో బస్సు కోసం నిలబడి అమ్మకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పా. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు.

‘అయితే నువ్వప్పుడు చదివింది తప్పు కాదన్నమాట’ అంది.

‘లీడ్స్‌లో అయితే కాదమ్మా.’

‘అన్యాయంగా మా పిల్లని బెంచీ ఎక్కించాడే ఆ సారు! ఆయన్నోసారి అక్కడికి తీసుకెళ్లి ఆ బుస్సు ఎక్కించవే!’