మావాడే, లోపలికి రానివ్వండి

జర్మనీలోనో అమెరికాలోనో ఎమ్మెస్ చేస్తున్న మన పిల్లల ఫోన్లో వై-ఫై జాబితా తెరిస్తే చాలాసార్లు ఒక పేరు కనిపిస్తుంది: ఎడ్యురోమ్. యూనివర్సిటీలో చేరిన కొత్తల్లో ఒకసారి సెట్ చేసుకుంటారు, ఆ తర్వాత దాని ఊసే మరిచిపోతారు. సెమినార్ కోసం వేరే ఊరికి వెళ్తారు, సెలవుల్లో పక్క దేశంలో స్నేహితుడి క్యాంపస్ చూడటానికి వెళ్తారు. జేబులో ఉన్న ఫోన్ ఎవర్నీ ఏమీ అడక్కుండా నెట్ అందుకుంటుంది. అక్కడి పాస్‌వర్డ్ వీళ్లకు తెలియదు, వీళ్లెవరో అక్కడివాళ్లకు తెలియదు, ఎవరూ ఎవరికీ పైసా ఇవ్వలేదు. మరి తలుపు తీసిందెవరు?

ఇది ఏ ఫోన్ కంపెనీ అమ్మిన సేవా కాదు. యూనివర్సిటీలు, పరిశోధనా సంస్థలు, వాటిని కలిపే నెట్‌వర్కులు తమ అవసరం కోసం తామే కట్టుకున్నది. ల్యాప్‌టాప్‌లకు వై-ఫై అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. వేరే విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసర్ వస్తే కంప్యూటర్ విభాగంవాళ్లు తాత్కాలిక ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ చీటీ మీద రాసివ్వాలి. వందమంది సదస్సుకు వస్తే వంద చీటీలు. 2002లో నెదర్లాండ్స్ విద్యా నెట్‌వర్క్ సర్ఫ్‌నెట్‌కు చెందిన క్లాస్ వీరెంగా ఈ తంటాకు ఒక ఉపాయం చెప్పాడు. ఐరోపా దేశాల విద్యా నెట్‌వర్కులన్నిటికీ టెరెనా అనే ఉమ్మడి సంఘం ఉండేది (2014లో అది మరో సంస్థతో కలిసి జియాంట్ అయింది). దాని కింద పనిచేసిన బృందం రకరకాల పద్ధతులను పక్కపక్కన పెట్టి చూసి, వీరెంగా చెప్పిన దారినే పట్టింది. నెదర్లాండ్స్, జర్మనీ, ఫిన్లాండ్, పోర్చుగల్, క్రొయేషియా, బ్రిటన్ ముందుగా చేరాయి. 2004 డిసెంబరులో ఆస్ట్రేలియా వచ్చి చేరింది. ఇప్పుడు వందకు పైగా దేశాల్లో ఉంది.

నిజానికి ఇందులో కొత్త యంత్రం ఏదీ లేదు. వాడిన పనిముట్లన్నీ అప్పటికే ఉన్నవే. ముఖ్యమైనది రేడియస్ అనే పద్ధతి. టెలిఫోన్ తీగల మీద డయల్ చేసి నెట్‌లోకి వెళ్లే కాలంలో, 1991లో, లివింగ్‌స్టన్ అనే కంపెనీ దాన్ని తయారుచేసింది. ఎవరి కోసం? అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయాలు కలిసి 1966లో పెట్టుకున్న మెరిట్ నెట్‌వర్క్ కోసం. అంటే దాని పుట్టుక వెనక ఉన్నదీ విద్యాసంస్థల ఉమ్మడి అవసరమే. ఫలానా మనిషిని నెట్‌లోకి రానివ్వొచ్చా లేదా అని ఒక యంత్రం మరో యంత్రాన్ని అడిగి తెలుసుకోవడమే రేడియస్ చేసే పని.

ఇక తలుపు తీసే కథ. లండన్‌లో చదివే ఒక అమ్మాయి పారిస్‌లోని ఒక క్యాంపస్‌కి వెళ్లిందనుకుందాం. ఆమె ఖాతా పేరు ఈమెయిల్ చిరునామాలా ఉంటుంది: ముందు తన పేరు, మధ్యలో ‘ఎట్’ (@) గుర్తు, తర్వాత యూనివర్సిటీ పేరు. పారిస్ సర్వర్ ఆ గుర్తు తర్వాతి భాగం మాత్రమే చూస్తుంది. ఇది మన దగ్గరి మనిషి కాదని గ్రహించి, అభ్యర్థనను ఫ్రాన్స్ జాతీయ సర్వర్‌కి పంపుతుంది. అది మా దేశానిదీ కాదంటూ పై అంచెకు పంపుతుంది. పై సర్వర్ బ్రిటన్‌ వైపు తిప్పుతుంది, అక్కడి జాతీయ సర్వర్ లండన్ యూనివర్సిటీకి చేరవేస్తుంది. యూనివర్సిటీ పాస్‌వర్డ్ సరిచూసి, ‘ఈమె మా పిల్లే’ అనో ‘ఈమె ఎవరో మాకు తెలియదు’ అనో జవాబిస్తుంది. ఆ జవాబు వచ్చిన దారినే వెనక్కి వెళ్తుంది. అంతా సాధారణంగా ఒకట్రెండు సెకన్లలో జరిగిపోతుంది.

దారిలో ఇన్ని చేతులు మారితే పాస్‌వర్డ్ ఎవరైనా చూసేయరా అని అనుమానం రావడం సహజం. సీలు వేసిన కవరులా ఆలోచించండి. పైన ఊరి పేరు మాత్రమే ఉంటుంది, లోపలి ఉత్తరం చేరాల్సినవాళ్లే విప్పగలరు. అమ్మాయి ఫోన్‌కీ లండన్ సర్వర్‌కీ మధ్య సంకేత భాషలో ఒక సొరంగం ఏర్పడుతుంది, పాస్‌వర్డ్ అందులోంచే పోతుంది. పారిస్‌వాళ్లకు అదెప్పుడూ కనిపించదు. సరిగ్గా అమర్చుకుంటే ఆమె పేరు కూడా కనిపించదు, ఏ యూనివర్సిటీ నుంచి వచ్చిందో మాత్రమే తెలుస్తుంది. లోపలికి వచ్చాక ఆమె చూసే వీడియోలూ పంపే ఫైళ్లూ లండన్ చుట్టూ తిరగవు, పారిస్ క్యాంపస్ నెట్ మీదే సాగిపోతాయి. కాబట్టి ఆమె నెట్‌లో ఏం చూస్తోందో లండన్‌కి తెలియదు.

ఒక బలహీనత మాత్రం ఉంది, దాన్ని దాచడం మంచిది కాదు. ఎడ్యురోమ్ అనే పేరుతో ఎవరైనా ఒక దొంగ వై-ఫై పెట్టి కూర్చోవచ్చు. సొరంగానికి అవతలి వైపున్నది నిజంగా తన యూనివర్సిటీ సర్వరేనా అని ఫోన్ సరిచూసుకోకపోతే పాస్‌వర్డ్ వాడి చేతిలో పడుతుంది. అలా సరిచూసుకోవడానికి పనికొచ్చేదే డిజిటల్ సర్టిఫికెట్. చాలామంది తొందరలో ఆ తనిఖీ వద్దని నొక్కేసి, పేరూ పాస్‌వర్డూ చేత్తో కొట్టేస్తారు. అందుకే చాలా యూనివర్సిటీలు సెట్టింగులన్నీ తనంతట తానే అమర్చే చిన్న యాప్ ఇస్తాయి. దాన్ని వాడాల్సింది ఇంటి దగ్గరే, అంటే సొంత క్యాంపస్ వదలక ముందే. ఊరు దాటాక అది దించుకుందామంటే ముందు నెట్ కావాలి కదా!

నా దృష్టిలో అసలు ఆవిష్కరణ సర్వర్ల మధ్య లేదు, సంస్థల మధ్య కుదిరిన ఒప్పందంలో ఉంది. ఆ ఒప్పందంలోని షరతులు కొన్నే. వచ్చిన అతిథి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మా అతిథులు ఎక్కువ, మీ అతిథులు తక్కువ అని సంస్థలు లెక్కలు చూసుకోకూడదు. ప్రతి సంస్థా తన మనిషికి తానే పూచీ పడాలి. పారిస్‌లో ఎవరైనా నెట్‌ను దుర్వినియోగం చేస్తే, ఏ రోజు ఏ సమయానికి ఏ యూనివర్సిటీ మాట మీద లోపలికి రానిచ్చారో నమోదై ఉంటుంది. మనిషిని పట్టుకుని నిలదీయడం సొంత యూనివర్సిటీ పని. ఫోన్ కంపెనీల రోమింగ్ కూడా ఇలా సొంత కంపెనీని అడిగే నడుస్తుంది. కాకపోతే అక్కడ ప్రతి నిమిషానికీ బిల్లు ఉంటుంది, ఆ బిల్లుల లెక్కకే పెద్ద యంత్రాంగం కావాలి. ఇక్కడ లెక్కే ఎత్తేశారు, యంత్రాంగం చిన్నదైపోయింది. పెద్ద యూనివర్సిటీ చిన్న కాలేజీని సమానంగా చూడాల్సి రావడం దీనికి చెల్లించిన ధర అనుకుంటే, అది చవకే.

ఒకసారి కుదిరాక ఇది క్యాంపస్ గోడ కూడా దాటింది. జర్మనీలోని బవేరియాలో ప్రభుత్వం పెట్టిన బహిరంగ వై-ఫై కేంద్రాల్లో ఎడ్యురోమ్ వస్తుంది. అమెరికాలో ఇంటర్నెట్2 అనే విశ్వవిద్యాలయాల సంఘం దీన్ని నడుపుతోంది, యూటా వంటి రాష్ట్రాల్లో బడులూ లైబ్రరీలూ కూడా చేరాయి.

మన దేశంలో ఈ బాధ్యత ఎర్నెట్ ఇండియాది. 1986లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో మొదలైన ప్రాజెక్టు అది. ఐదు ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ, బొంబాయిలోని సాఫ్ట్‌వేర్ సంస్థ ఎన్‌సీఎస్‌టీ, ఢిల్లీలోని ఎలక్ట్రానిక్స్ శాఖ కలిసి దేశంలో ఇంటర్నెట్‌కు తొలి బాట వేశాయి. కలిసి కట్టుకోవడం మనకు కొత్తేమీ కాదన్నమాట. అయినా మన కాలేజీల్లో అతిథికి నెట్ కావాలంటే ఇప్పటికీ ఎవరో ఒకరు తమ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టడం మామూలే. వై-ఫైకి ఓటీపీ అడిగే చోట, విదేశం నుంచి వచ్చినవాళ్ల దగ్గర దాన్ని అందుకోవడానికి మన దేశపు ఫోన్ నంబరు ఉండదు, అది మరో ఇబ్బంది.

ఒక కాలేజీ ఎడ్యురోమ్‌లో చేరడానికి ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. రేడియస్ సర్వర్‌కి కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. కావలసింది వేరు. అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చే అలవాటు మానాలి. ఒక్కొక్క విద్యార్థికీ అధ్యాపకుడికీ సొంత ఖాతా ఉండాలి. చేరినప్పుడు తెరవాలి, చదువు ముగించుకుని వెళ్లినప్పుడు మూసేయాలి. ఈ జాబితా సరిగ్గా లేని కాలేజీ ‘మావాడే’ అని చెబితే ఆ మాటకు విలువ ఉండదు. ఇంకొకటి, ఆ సర్వర్‌కి పనివేళలంటూ ఉండవు. ఇక్కడ రాత్రి పది గంటలకు ల్యాబ్‌కి తాళం వేసి కరెంటు స్విచ్ ఆపేస్తే, చలికాలంలో లండన్‌లో అప్పుడు సాయంత్రం నాలుగున్నర. సదస్సుకు వెళ్లిన మన అధ్యాపకురాలి ల్యాప్‌టాప్ అక్కడ ఇంకా జవాబు కోసం ఎదురుచూస్తుంటుంది.