హరితరేణువులోకి ప్రోటీన్ల ప్రవేశం: లోపలి త్వచం వద్ద ఒక వివాదం

కీలకపదాలు: హరితరేణువు, త్వచం, రుబిస్కో, ట్రాన్సిట్ పెప్టైడ్, టాక్, టిక్.

కిరణజన్య సంయోగక్రియలో కార్బన్ డయాక్సైడ్‌ను స్థాపించే ఎంజైమ్ రుబిస్కో. మొక్కలలో దీనికి 8 పెద్ద, 8 చిన్న ఉపప్రమాణాలు ఉంటాయి. పెద్దవాటి జన్యువు హరితరేణువులోనే ఉండగా, చిన్నవాటి జన్యువులు కేంద్రకంలో ఉన్నాయి. కాబట్టి చిన్న ఉపప్రమాణం కణద్రవ్యంలో తయారై, రెండు త్వచాలను దాటి లోపలికి చేరవలసిందే. ఇది ఒక్క రుబిస్కోకు పరిమితమైన విషయం కాదు. హరితరేణువులో ఉండే సుమారు 3000 ప్రోటీన్లలో దాని సొంత జన్యువుల నుంచి వచ్చేవి దాదాపు 100 మాత్రమే.

1977లో డాబర్‌స్టీన్, బ్లోబెల్, చువా క్లామిడోమోనాస్ అనే శైవలాన్ని పరిశీలించి, చిన్న ఉపప్రమాణం మొదట తన తుది పరిమాణం కంటే పెద్దదిగా తయారవుతుందని చూపారు. ఆ అదనపు భాగమే ట్రాన్సిట్ పెప్టైడ్. దీనిని 'చిరునామా'తో పోల్చడం బోధనలో పరిపాటి. పోలిక మంచిదే గాని, ప్రోటీన్ లోపలికి చేరాక అవర్ణికలోని ఒక ఎంజైమ్ ఈ భాగాన్ని కోసివేస్తుందన్న సంగతి ఆ మాటలో ధ్వనించదు. చించి తీసుకునే 'ప్రవేశపత్రం' అనడం ఇంకాస్త సమంజసం.

బయటి త్వచంలోని రవాణా యంత్రాంగాన్ని టాక్ అనీ, లోపలి త్వచంలోని దానిని టిక్ అనీ వ్యవహరిస్తారు. టాక్ 159, టాక్ 34 అనే గ్రాహకాలు ట్రాన్సిట్ పెప్టైడ్‌ను గుర్తిస్తాయి. వీటికి జీటీపీ అవసరం. మడతలు విప్పుకొన్న ప్రోటీన్ టాక్ 75 ఏర్పరచే మార్గంలోకి ప్రవేశిస్తుంది. (పేర్లలోని సంఖ్యలు కిలోడాల్టన్లలో అణుభారాన్ని తెలుపుతాయి.) టాక్ 75 వంటి ప్రోటీన్లు బాక్టీరియా బయటి త్వచంలోనూ ఉండటం, హరితరేణువుకు సైనోబాక్టీరియా మూలమన్న సిద్ధాంతానికి అనుగుణంగా ఉంది.

లోపలి త్వచం దగ్గరే అభిప్రాయభేదం మొదలవుతుంది. టిక్ 110 ఆధారంగా, అవర్ణికలోని హెచ్‌ఎస్‌పి 93, హెచ్‌ఎస్‌పి 70 అనే ప్రోటీన్లు ఏటీపీని వెచ్చించి ప్రోటీన్‌ను లోపలికి లాగుతాయన్నది ఒక వాదం. 2013లో నకాయ్ బృందం టిక్ 20, 56, 100, 214లతో కూడిన వేరొక సముదాయాన్ని ప్రతిపాదించింది. వీటిలో టిక్ 214 జన్యువు హరితరేణువులోనే ఉండటం విశేషం. అంటే బయటి ప్రోటీన్లను రానిచ్చే ద్వారంలో ఒక భాగం లోపలే తయారవుతున్నది. అనంతరకాలంలో క్లామిడోమోనాస్ నుంచి వెలువడిన క్రయో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలలో టాక్, టిక్ ఒకే సముదాయంగా, అందులో టిక్ 214తో సహా కనిపించడం ఈ రెండవ వాదానికి గట్టి బలం.

అయితే వరి, గోధుమ వంటి గడ్డిజాతి మొక్కల హరితరేణువులలో టిక్ 214 జన్యువు లేదు. అయినా వాటిలో ప్రోటీన్ల ప్రవేశం నిరాటంకంగా సాగుతున్నది. కనుక బఠాణీ, అరబిడాప్సిస్, క్లామిడోమోనాస్‌లపై వచ్చిన ఫలితాలను వరికి యథాతథంగా అన్వయించడం తొందరపాటే అవుతుంది.