పంతులమ్మగారి చిరాకు

"పంతులమ్మగారు ఊరికే కసురుకుంటారు" అని మన పిల్లలు ఇంటికి వచ్చి చెబుతారు. ఆ మాట నమ్మి, మేమూ మొన్న మన తెలుగు బడికి అడగబోయాము.

అక్కడ ఒకే గదిలో రెండు తరగతులు. ఒక మూల ఎక్కాలు, మరొక మూల పద్యాలు. రేకుల కప్పు మీద వాన పడితే ఎవరి మాటా వినబడదు. ప్రొద్దుటినుంచీ గొంతు చించుకొంటున్న ఆ తల్లి మధ్యాహ్నందాకా మంచినీళ్లయినా ముట్టలేదు. మరుగుదొడ్డికి తలుపు లేదు మరి! ఆఫీసులో ఫంకా ఆగితేనే ఫైళ్లు విసిరే మేము ఏ ముఖం పెట్టుకొని అడగగలము?

ప్రతి ఉపాధ్యాయునికీ ఒక గది, బడిలో మంచినీరు, బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతున్నది. నీళ్లకూ, మరుగుదొడ్లకూ 2012లో సుప్రీంకోర్టు ఆరు నెలల గడువు కూడా పెట్టింది. అయినా తలుపు తనంతట తాను వచ్చి బిగుసుకోదు కదా!

ఏటా సెప్టెంబరు 5న గురువులకు శాలువలు కప్పుతున్నాము. ఈ ఏడు ఆ సొమ్ముతో తలుపు పెట్టిద్దాము. రెండవ గదికి అర్జీ మేము వ్రాస్తాము. చేవ్రాళ్లు మీరు చేయండి.