వరద సహాయ పడవలు: ఇంజను నూనె, ఫిల్టర్ల ఎంపిక

హైదరాబాద్: 2020 అక్టోబరు 13 రాత్రి కుంభవృష్టికి పల్లెచెరువుకు గండిపడి అల్ జుబైల్ కాలనీ జలమయమైనపుడు పాతబస్తీ వీధులలోకి పడవలను దింపవలసి వచ్చినది. ఇట్టి పడవలు ఏడాదిలో అధిక భాగం షెడ్డులోనే ఉంటాయి. వాటి ఇంజన్లు చెడిపోయేది సాధారణంగా ఆ ఖాళీ కాలంలోనే.

టూ స్ట్రోక్ ఇంజనులో నూనె పెట్రోలుతోపాటే కాలిపోతుంది. కనుక బూడిద మిగల్చని టీసీ-డబ్ల్యూ3 ప్రమాణపు నూనెనే వాడవలెను. మోటారు సైకిలు నూనె చౌకగా లభించినా, దాని బూడిద ప్లగ్గులపైన, పిస్టన్లపైన పేరుకొని ఇంజను మొరాయించగలదు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లకు తుప్పు నిరోధకాలు గల ఎఫ్‌సీ-డబ్ల్యూ నూనె అవసరం. డబ్బాపై 10డబ్ల్యూ-30 అని ఉన్నంత మాత్రాన కారు నూనె దానికి సాటి కాదు.

సాధారణంగా 100 గంటలకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు, నూనెను, ఫిల్టరును కలిపి మార్చవలసి ఉంటుంది. గంటలు నడవలేదని వాయిదా వేయుట పొరపాటు. వాడిన నూనెలోని తేమ, ఆమ్లాలు బేరింగులను తినివేస్తాయి. అందుచేత వానాకాలం ముగిసి పడవను భద్రపరచడానికి ముందే మార్చుట మేలు. నూనె పాలవలె తెల్లబడితే అందులో నీరు చేరినట్లే.

ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. అది హద్దు మీరితే నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. నీటిని వేరుచేసే 10 మైక్రాన్ల ఇంధన ఫిల్టరు కొద్దిపాటి నీటిని ఆపగలదు గాని, ఆ దశకు చేరిన పెట్రోలును బాగుచేయలేదు. ట్యాంకు ఖాళీ చేయవలసిందే.

మర బిగిసిన ప్రతి ఫిల్టరూ సరైనది కాదు, లోపలి బైపాస్ వాల్వు పీడనం వేరుగా ఉండవచ్చు. కొనుగోలు ఇండెంటులో ‘ఇంజన్ ఆయిల్, ఫిల్టర్’ అని వ్రాసి విడువక, తయారీదారు పుస్తకంలోని నూనె ప్రమాణం, ఫిల్టరు పార్టు నంబరు పేర్కొనవలెను.